తీగ పీకి చూసే మనిషి

మా టెస్టింగ్ సార్ పోయారని ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసినప్పుడు నేను ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్లో మా అక్కతో కలిసి కర్టెన్లు బేరమాడుతున్నాను. ఆదివారం పొద్దున. "మీ సార్ వెళ్ళిపోయారమ్మా. చర్చికని బూట్లు వేసుకుంటూ కుర్చీలోనే అలా వాలిపోయారు," అన్నారావిడ. ఉద్యోగమంతా ఆస్పత్రి వార్డుల్లోనే గడిపిన నర్సు కాబట్టి గొంతు వణక్కుండా చెప్పగలిగారు. నేను ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న కర్టెన్‌ని దుకాణం భయ్యా మీదికి విసిరేశాను. ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. అదీ ఆయన మీదే. ఆయన ఆపిన ప్యానెల్ ఇంకా మా షెడ్డులోనే నిలబడి ఉంది. ఆ తగువు తేలలేదు. మధ్యలో నన్ను ఒక్కదాన్నీ వదిలేసి ఈయన ఎలా వెళ్ళిపోతారు?

ఆ కోపం ఇంకా చల్లారలేదని ముందే చెబుతున్నాను. పోయినవాళ్ళ గురించి మెత్తని మాటలే వినాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగిపోతే నాకేమీ అభ్యంతరం లేదు. మెత్తని మాటలు ఆయన గురించి ఈపాటికే చాలామంది మాట్లాడేశారు. నా కోపంలో సగం వాటి మీదే.

సమాధుల తోటలో పాస్టర్‌గారు ఆయన్ని శాంతమూర్తి అన్నారు. ఎవర్నీ పల్లెత్తు మాట అనని సౌమ్యుడన్నారు. పక్కనే నిలబడ్డ ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా చెవిలో, "ఎవరి గురించే చెబుతున్నారు? మనం వేరేవాళ్ళ సమాధి దగ్గరికి రాలేదు కదా?" అన్నారు. ఆ చోట, ఆ సమయంలో, నాకు నవ్వు ఆగలేదు. వెనకనున్నవాళ్ళు నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాననుకుని భుజం తట్టారు.

ఆ పాస్టర్‌గారికీ సార్‌కీ ఎన్ని తగాదాలో తెలుగు సంఘంలో అందరికీ తెలుసు. చర్చి హాలుకు వెనకవైపు ఒక తలుపుంది. దాని ముందు ఎప్పుడూ ప్లాస్టిక్ కుర్చీలు దొంతరగా పేర్చి ఉంటాయి. సార్ ఆరాధనకు రాగానే బైబిలు బెంచీ మీద పెట్టి, చొక్కా చేతులు మడిచి, ఆ కుర్చీలన్నీ గరగరమని పక్కకు లాగేవారు. "నిప్పంటుకుంటే ఇంతమందిమీ ఎటు పోతాం అయ్యగారూ? నేరుగా పరలోకానికా?" అని అందరూ వినేలా అడిగేవారు. పాస్టర్‌గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేవారు. పాడేటప్పుడు సార్ శ్రుతి తప్పేవారు గానీ గొంతు మాత్రం తగ్గించేవారు కాదు. అంత్యక్రియల రోజు చూస్తే ఆ తలుపు ముందు మళ్ళీ కుర్చీలు. మూసి ఉన్న పెట్టె ఎదురుగా, ఆ కుర్చీలన్నీ నేనే లాగాను. కావాలనే చప్పుడు చేస్తూ లాగాను.

ఆయన పనేమిటో చెప్పకుండా ఆయన కోపం అర్థం కాదు. మాది నోయిడాలో ఒక మాదిరి కంపెనీ. ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే కంట్రోల్ ప్యానెళ్ళు తయారు చేస్తాం. ప్యానెల్లో కంట్రోలర్ అని ఒకటి ఉంటుంది. అది లెక్కలు వేస్తుంది, నిర్ణయాలు తీసుకుంటుంది గానీ తనంతట తాను ఒక్క వాల్వు కూడా తిప్పలేదు. దాని ఆజ్ఞలు బయటికి వెళ్ళే గుమ్మమే డిజిటల్ అవుట్‌పుట్ మాడ్యూల్. అరచేతిలో పట్టే డబ్బా. ముందువైపు వరసగా చిన్న చిన్న దీపాలు. కంట్రోలర్ ఆన్ అంటే ఒక దీపం వెలుగుతుంది, దాని తీగలోకి కరెంటు వెళుతుంది, దూరంగా ఎక్కడో ఒక మోటారు తిరుగుతుంది. ఆఫ్ అంటే ఆగిపోతుంది. దానికి మూడో మాట తెలియదు. ఇంత మొద్దు వస్తువు గురించి ఒక మనిషి జీవితమంతా గొంతు చించుకోగలడని ఆయన్ని చూసేదాకా నేననుకోలేదు.

నాన్న ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం చేసి, రిటైరై గుంటూరు వెళ్ళిపోయాక, నేను ఇక్కడే బేర్ సరాయ్‌లో గది తీసుకుని ప్రభుత్వ పరీక్షలకు చదివాను. మెస్సు తిండి తిని, పాత ప్రశ్నపత్రాలు బట్టీపట్టి, ఉద్యోగం రాక, విసుగెత్తి ఈ కంపెనీలో చేరాను. మొదటిరోజు టెస్టింగ్ షెడ్డులోకి వెళితే, బోర్లించిన కేబుల్ డ్రమ్ము మీద ఒకాయన కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కి ఉంది. కుర్చీ ఉన్నా కూర్చోరని తర్వాత తెలిసింది. నా పేరు విని, "తెలుగమ్మాయివా? హమ్మయ్య! మనసారా తిట్టడానికి ఇన్నాళ్ళకి ఒక మనిషి దొరికింది," అన్నారు. నిజంగానే సంతోషించారు. ఆయనది నరసాపురం వైపు. హిందీలో తిడితే తృప్తి ఉండదని ఆయన ఫిర్యాదు.

వెంటనే ఒక మాడ్యూల్ చూపించారు. "ఆ లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోంది సార్."

"అంటే ఏంటి?"

"వాల్వ్ ఓపెన్ అయింది సార్."

"నువ్వెళ్ళి చూసేవా?"

"లేదు సార్, కానీ లైటు..."

"లైటు వెలిగిందంటే మనం చెప్పామని. అవతలోడు విన్నాడని కాదు. మీ అమ్మ అన్నానికి పిలిస్తే పిలిచిన మొదటిసారే వచ్చి కూర్చునేదానివా నువ్వు?"

నేను షెడ్డు ఆ చివరికి వెళ్ళి చూశాను. వాల్వు మూసే ఉంది. తీగ వదులైపోయింది. తిరిగొచ్చి చెబితే మెచ్చుకుంటారేమో అనుకున్నాను. "ఇదేదో ముందే చూసొచ్చుంటే నాకు ఇంత మాట్లాడే శ్రమ తప్పేది," అన్నారు.

ఆ పద్ధతి షెడ్డు బయట కూడా అంతే. పని ఆలస్యమైన రోజుల్లో నేను గది చేరాక ఫోన్ చెయ్యాలి. మెట్రోలో ఉండగానే, వచ్చేసినట్టే కదా అని మెసేజ్ పెడితే ఆయనే ఫోన్ చేసేవారు. "పెట్టావు సరే, చేరేవా?" అనేవారు. తలుపు గడియ వేసిన చప్పుడు వింటే తప్ప ఫోన్ పెట్టేవారు కాదు. ఢిల్లీలో ఒంటరిగా ఉండే ఆడపిల్లల మీద ఆయన చూపిన ప్రేమ ఇదే. అందులో తీపి మాట ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడు గది చేరాక నాకు ఎవరికీ చెప్పే పని లేదు.

మా ఆఫీసులో రోజుకు వందసార్లు వినబడే మాట "హో జాయేగా". అయిపోతుందిలే అని. ఆ మాట ఆయన చెవిన పడిందా, పని ఆగిపోవాల్సిందే. "క్యా హో జాయేగా? అప్నే ఆప్ హో జాయేగా?" అని అన్నవాడి ముందు నిలబడేవారు. దానంతటదే అయిపోతుందా, ఎవరు చేస్తారు, ఎప్పుడు చేస్తారు, పేరు చెప్పు. పాపం, కొత్తగా చేరినవాళ్ళు ఆయన ముందు ఆ మాట మింగేసి దగ్గేవారు.

ఇంక తీగ పీకే సంగతి. పెద్ద ఫ్యాక్టరీల్లో కంట్రోలర్ ఒకచోట, మాడ్యూల్ యంత్రం దగ్గర ఇంకోచోట ఉంటాయి. రెంటికీ మధ్య పొడుగాటి కేబుల్. ఎలుక కొరికినా, ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కినా అది తెగుతుంది. తెగిందంటే మాడ్యూల్ ఒంటరిదైపోయినట్టే. చెప్పేవాడు లేడు. అప్పుడేం చెయ్యాలో దానికి ముందే నేర్పి పెట్టాలి. అన్నీ ఆపేసి కూర్చోవాలా, లేక తెగే క్షణంలో ఏది ఎలా ఉందో దాన్ని అలాగే పట్టుకుని ఉండాలా? ఈ రెండింటిలో ఒకటి ఎంచి పెట్టడం కంప్యూటర్లో చిటికెలో పని. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. సార్ మాత్రం ఒక్కో తీగ మీదా వేలు పెట్టి, "పైవాడు పోయాడనుకో. వీడేం చెయ్యాలి?" అని అడిగేవారు. పదహారు తీగలుంటే పదహారుసార్లు అడిగేవారు. మా జవాబులు విన్నాక కూడా నమ్మేవారు కాదు. ప్యానెల్ మంచి ఊపులో నడుస్తుండగా, కస్టమర్ టీ తాగుతుండగా, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, "ప్రభువా" అని గొణిగి కేబుల్ పీకేసేవారు. ఆ ప్రార్థన ఎందుకు సార్ అంటే, "ప్రాజెక్ట్ టీం మీద నమ్మకం లేకమ్మా," అన్నారు.

ఒకసారి ఆయన అడగకముందే నేను గొప్పగా, "అన్నీ ఆఫ్ అయిపోవాలి సార్, అదే సేఫ్," అన్నాను. అది రంగులు చల్లే గదికి సంబంధించిన ప్యానెల్. ఆయన నా వైపు చాలా జాలిగా చూశారు. "ఈ తీగ గాలి లాగే ఫ్యానుది. ఆపేస్తావా? లోపలున్నోడు ఏం పీల్చుకుంటాడు, నీ సర్టిఫికెట్టా?" అన్నారు. ఆ తర్వాత భోజనాల దగ్గర తన డబ్బాలోని చేపల పులుసు సగం నా కంచంలో వేసి, ఎక్కడ ఏది ఆపాలో, ఎక్కడ ఏది ఆపకూడదో ఉదాహరణలతో చెప్పుకుంటూ పోయారు. ముందు తిట్టు, తర్వాత పులుసు, ఎప్పుడూ ఆ వరసే.

ఇంత జాగ్రత్త మనిషిని మా కంపెనీ ఏం చేసిందో ఇప్పుడు చెప్పాలి. ఇది రాస్తుంటే వేళ్ళు కీబోర్డు మీద గట్టిగా పడుతున్నాయి.

కొంతకాలం కిందట ఒక కొలిమికి ప్యానెల్ చేశాం. కొలిమి చుట్టూ చల్లటి నీళ్ళు తిరుగుతుండాలి. కేబుల్ తెగితే నీళ్ళ పంపు ఆగకూడదు, ఆగితే అంతా కరిగిపోతుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టే పట్టుకుని ఉండమని మాడ్యూల్‌కి నేర్పించారు సార్. అది సరైన పని. తర్వాత రబ్బరు షీట్లు నొక్కే ఒక ప్రెస్సుకు ప్యానెల్ ఆర్డరొచ్చింది. ప్రాజెక్ట్ టీం వాళ్ళు మొదటినుంచీ చేసే ఓపిక లేక ఆ కొలిమి ఫైలునే కాపీ కొట్టారు. పేర్లు మార్చారు. ఆ ఒక్క అమరిక మాత్రం అలాగే వచ్చి కూర్చుంది. ఈ ప్రెస్సులో షీటును లోపలికి నెట్టే ఒక ఇనప పలక ఉంటుంది. షీటు ఇరుక్కుంటే మనిషి అక్కడే చెయ్యి పెట్టి లాగాలి. కేబుల్ తెగితే ఎదురుగా ఉన్న స్క్రీన్ ఆరిపోతుంది. స్క్రీన్ ఆరితే యంత్రం ఆగిందని ఎవరైనా అనుకుంటారు. అది ఆగదు. నెడుతూనే ఉంటుంది.

సార్ కేబుల్ పీకారు. దీపం ఆరలేదు. షెడ్డు పైకప్పు లేచిపోయేలా అరిచారు. "సర్, ఆప్‌కీ హీ సెట్టింగ్ హై," మీ అమరికే కదా, మీరే ఒప్పుకున్నారు కదా అన్నారు టీం వాళ్ళు. "అది నీళ్ళ పంపు! ఇది మనిషి చేతుల దగ్గర తిరిగేది! కళ్ళు ఎక్కడ పెట్టుకుని కాపీ కొట్టారు?" అని ఆయన తెలుగులోనే అరిచారు. నేను హిందీలో చెప్పాను. ఒక్క మాట కూడా తగ్గించలేదు.

దిద్దడం చిటికెలో పని అన్నాను కదా. కానీ ఆ ఫైలును కస్టమర్ అప్పటికే చూసి ఆమోదించాడు. అందులో అక్షరం మార్చినా ఎందుకు మార్చామో రాసివ్వాలి. కొలిమి ఫైలు కాపీ కొట్టి మీకు అంటగట్టామని ఒప్పుకోవాలి. అది మా డైరెక్టర్‌కి ఇష్టం లేదు. ముందు పంపించేద్దాం, అక్కడికెళ్ళాక ఎవరికీ తెలియకుండా మార్చేద్దాం, హో జాయేగా అన్నాడు. సార్ సంతకం పెట్టనన్నారు. టెస్టింగ్ సంతకం లేకుండా మా గేటు నుంచి ప్యానెల్ కదలకూడదని రూలు. మర్నాడే సార్‌ని సలహాదారుగా చేసి, మేడ మీద ఏసీ గది, మెత్తని కుర్చీ ఇచ్చారు. కింద షెడ్డుకు రావద్దన్నారు. షెడ్డు బాధ్యత నాకు వచ్చింది. ఆయన మెట్లెక్కుతూ ఒక్కటే అన్నారు, "సంతకం పెట్టకు. అది కదలదు." నేను పెట్టలేదు. ప్యానెల్ కదల్లేదు. సార్ ఆ కుర్చీలో కొన్నాళ్ళు కూర్చుని, సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు.

నేను వసంత్ కుంజ్ వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా చెప్పులు విప్పకముందే, "ఉందా, పంపేశారా?" అని అడిగేవారు. ఉంది సార్ అంటే అప్పుడు కూర్చోమనేవారు. బీపీ పెరిగిందని డాక్టర్లు కోపం తగ్గించుకోమన్నారట. "తగ్గించుకుంటాను. ఎవరి మీద తగ్గించుకోవాలో చెప్పమను," అన్నారు నాతో. లోపలినుంచి ఆంటీ, "నా మీద తగ్గించుకోండి చాలు," అన్నారు. ఆయన లేచి వెళ్ళి ఆవిడ చేతిలోని టీ ట్రే అందుకున్నారు. ఆ ఇంట్లో నేను చూసిన క్షమాపణ అదే. మనిషి సన్నబడ్డారు. చేతులు మాత్రం ఊరుకునేవి కావు, మాట్లాడుతూనే స్విచ్ బోర్డు మూతలు బిగిస్తూ ఉండేవారు.

ఆయన పోయిన తర్వాత కంపెనీలో సంతాప సభ పెట్టారు. పెట్టిన చోటు ఆయన్ని రావద్దన్న షెడ్డే. ఫొటోకి బంతిపూల దండ. మొదటి వరసలో ఆంటీ, ఆవిడ పక్కన ఆ రబ్బరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కస్టమర్. కస్టమర్ ఎందుకొచ్చాడో నాకు అర్థం కాలేదు. ఫొటో పక్కనే ఆ ప్రెస్సు ప్యానెల్‌కి కూడా దండ వేశారు. కెమెరాకు బాగుంటుందని స్విచ్ వేసి దీపాలన్నీ వెలిగించి పెట్టారు. అందరం మౌనం పాటిస్తుంటే బయట ఎవరో లారీ హారన్ ఆపకుండా కొడుతున్నారు.

డైరెక్టర్ మైకు తీసుకుని, ఆయన మా కుటుంబంలో మనిషి అన్నాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారన్నాడు. నేను పళ్ళు బిగించి విన్నాను. తర్వాత, ఆయన జ్ఞాపకార్థం ఒక అవార్డు పెడుతున్నామన్నాడు. దేనికని? అనుకున్న తేదీకి సరుకు పంపిన టీముకి! డిస్పాచ్ ఆపడమే ఉద్యోగంగా బతికిన మనిషి పేరు మీద, త్వరగా పంపినవాళ్ళకి బహుమతి. అంతటితో ఆగలేదు. ఇకనుంచి టెస్టింగ్ సంతకం అవసరం లేదని, ప్రాజెక్ట్ టీం కంప్యూటర్లో ఒక టిక్కు పెడితే సరిపోతుందని, మొదటి అవార్డు ఈ ప్రెస్సు ప్యానెల్‌కేనని, లారీ సిద్ధంగా ఉందని, సభ కాగానే జెండా ఊపి పంపిస్తామని చెప్పాడు. షీల్డు ఆంటీ చేతుల మీదుగా ఇస్తారట. షెడ్డు తరఫున అందుకోవాల్సింది నేనట. ముందు ఒక్క మాట చెప్పలేదు. అందరి ముందూ పిలిస్తే నోరు మూసుకుని తీసుకుంటాననుకున్నాడు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆంటీ షీల్డు పట్టుకుని నిలబడ్డారు. ఎదురుగా మైకు. ఆవిడ దాన్ని పట్టించుకోకుండా నన్ను తెలుగులో అడిగారు.

"ఇది ఆయన ఆపిందేనా?"

"అవునాంటీ."

"బాగు చేశారా?"

"లేదాంటీ."

"మరి నా చేత ఎందుకిప్పిస్తున్నారే?"

షెడ్డంతా మారుమోగింది. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. డైరెక్టర్ అదేదో ఆశీర్వచనం అనుకుని చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ కొట్టారు. ఆ చప్పట్ల మధ్య ఆంటీ షీల్డును కుర్చీలో బోర్లా పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకున్నారు. "వెళ్ళమ్మా," అన్నారు నాతో.

నేను ప్యానెల్ దగ్గరికి వెళ్ళాను. ఇనప పలకను నడిపే బటన్ నొక్కాను. స్క్రీన్ మీద అది కదులుతున్న బొమ్మ వచ్చింది, మాడ్యూల్ మీద దాని దీపం వెలిగింది. పూలదండ పక్కకు లాగి కేబుల్ పీకేశాను. స్క్రీన్ ఆరిపోయింది. చప్పట్లు ఆగిపోయాయి. డైరెక్టర్ మైకులో, "టెక్నికల్ ప్రాబ్లమ్, టెక్నికల్ ప్రాబ్లమ్," అన్నాడు. కస్టమర్ మాత్రం లేచి వచ్చి మాడ్యూల్ మీదికి వంగి చూశాడు.

"యే క్యోఁ జల్ రహా హై?" ఇదెందుకు వెలుగుతోందని అడిగాడు.

"పలకను నెట్టే వాల్వు సార్ అది. నడుస్తూనే ఉంది," అన్నాను హిందీలో.

"స్క్రీన్ ఆరిపోయింది కదా?"

"అవును సార్. మీ మనిషి కూడా అదే అనుకుని చెయ్యి పెడతాడు."

కస్టమర్ ఆ దీపం మీద వేలు పెట్టాడు. ఆ అమరిక ఎక్కడినుంచి వచ్చిందని అడిగాడు. చెప్పాను. కొలిమి ఫైలని, కాపీ అని, ఆపిన మనిషి ఫొటోలో ఉన్న ఆయనేనని, అందుకే ఆయన్ని మేడ మీదికి పంపారని, అన్నీ చెప్పాను. గొంతు తగ్గించలేదు. కస్టమర్ డైరెక్టర్ వైపు తిరిగి, దీన్ని ఇప్పుడే దిద్దాలి, దిద్దినట్టు రాసివ్వాలి, ఈ అమ్మాయి మళ్ళీ పీకి చూసి సంతకం పెట్టాలి, అప్పటిదాకా నాకు వద్దు, లారీ వెనక్కి పంపండి అన్నాడు. డైరెక్టర్ నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. నా ఉద్యోగం ఏమవుతుందో ఇది రాసే వేళకి నాకు తెలియదు. పోతే పోనివ్వండి. ఇలాంటి వాళ్ళ దగ్గర ఆయన అన్నేళ్ళు ఎలా పనిచేశారో అదే నాకు ఆశ్చర్యం.

ఆంటీని ఆటో ఎక్కించడానికి గేటు దాకా వెళ్ళాను. లారీ డ్రైవర్‌కి అప్పుడే చెప్పినట్టున్నారు. లోపల ఏం సభో, ఎవరు పోయారో అతనికి తెలియదు. పొద్దున్నుంచీ ఎండలో నిలబెట్టి, చివరికి ఖాళీగా పొమ్మన్నారని మాత్రమే తెలుసు. కిటికీలోంచి తల బయటపెట్టి మా కంపెనీని, మా మాట నిలకడని, లోపల ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్ళ బుద్ధిని వరసపెట్టి తిడుతున్నాడు. ముఖం ఎర్రబడిపోయింది. తిట్టిందే మళ్ళీ తిడుతున్నాడు. సంతాప సభ జరుగుతోంది, నోరు ముయ్యమని గేటు దగ్గర గార్డు పరిగెత్తాడు.

"రెహ్నే దో భయ్యా," అన్నారు ఆంటీ. "బోల్నే దో ఉస్‌కో." ఊరుకో, తిట్టనీ అతన్ని అని.

గార్డు ఆగిపోయాడు. లారీ వెనక్కి తిరిగింది. కట్టకుండా వదిలేసిన టార్పాలిన్ తాళ్ళు నేల మీద ఈడ్చుకుంటూ కదిలింది. డ్రైవర్ ఇంకా తిడుతూనే ఉన్నాడు. చావు కబురు చెప్పినప్పుడు గాని, సమాధి దగ్గర గాని కన్నీళ్ళు పెట్టని ఆంటీ అక్కడ, ఆ గేటు దగ్గర, హ్యాండ్‌బ్యాగ్ గుండెకి హత్తుకుని ఏడ్చారు. ఆటో వచ్చి ఆగినా ఎక్కలేదు. లారీ మలుపు తిరిగి, ఆ అరుపులు పూర్తిగా వినబడకుండా పోయేదాకా అటే చెవి పెట్టి నిలబడ్డారు.